పొట్లం కట్టిన పేజీ

కాన్వెంటు చిన్న సిస్టరు ఫోనులో చూపించిన ఫొటోలో నేను అక్షరాలు చూడలేదు. అవి నాకొచ్చిన అక్షరాలు కావు. నేను చూసింది మడతలు. కాగితం నడుమ ఒక గీత, దానికి అడ్డంగా రెండు, కింద మూలన చిన్న ముక్కోణం, పైన అరచేయంత పసుపు మరక. ప్రతి కిరాణా కొట్టుకీ పొట్లం కట్టడంలో ఓ మడత ఉంటుంది. చాలామంది కొసని లోపలికి దోపుతారు. మేం వెనక్కి తిప్పి మూలలో దోపుతాం. దారం అక్కర్లేదు. మాచర్ల రైల్లో తోసుకుంటూ వెళ్ళినా విడిపోదు. ఆ ఫొటోలో ఉన్నది యాభై ఏళ్ళ కిందటి మా కొట్టు మడత.

"ఇట్టా మడతలు పడ్డాయేంది ఆంటీ? మీది పాత కొట్టు గదా, మీకేమన్నా తెలుసుద్దేమోనని వచ్చా" అంది.

"మాకేం తెలుసమ్మా" అన్నాను. ఊళ్ళో ఇన్ని పాత కొట్లుండగా మా గడపే ఎందుకు తొక్కిందా అని నా అనుమానం.

ఆ పిల్ల దుర్గి అమ్మాయి. వాళ్ళ నాన్న రాళ్ళు చెక్కేవాడట. కేరళలో చదువుకుని ఆ మలయాళం నేర్చుకుని వచ్చింది. కాన్వెంటు పెట్టిన దగ్గర్నుంచి సిస్టర్లు ప్రతిరోజూ రాసిపెట్టిన పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయట. చెదలు తినకముందే వాటన్నిటినీ వరసపెట్టి స్కాన్ చేయమని పెద్దవాళ్ళు ఈ పిల్లకి అప్పజెప్పారు.

"ఈ ఒక్క పేజీ చించి ఉంది ఆంటీ. చించింది మళ్ళీ ఆ పుస్తకంలోనే పెట్టి ఉంది. ఆ రోజు తెల్లారి ఓ పెద్దామె పది రోజుల ఆడబిడ్డని తెచ్చి ఇచ్చి వెళ్ళిందని రాశారు. ఆ బిడ్డ ఇప్పుడు వినుకొండ అవతల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆదివారం వస్తంది. కన్నతల్లి ఎవరో తెలిస్తే చాలంటంది. పేజీలో పేరు లేదు. ఇంక ఉన్నయ్యల్లా ఈ మడతలూ ఈ మరకే."

సిస్టరు వెళ్ళీ వెళ్ళగానే గల్లా దగ్గర కూర్చున్న మా తమ్ముడు తల ఎత్తాడు. "అక్కా, నువ్వేం మాట్లాడమాక. ఇయాల తల్లి ఎవరంటారు, రేపు ఆస్తిలో వాటా అంటారు" అన్నాడు. వాడికి ఆ పేజీ సంగతేమీ తెలియదు. తెలియకపోయినా అనుమానించడం మా ఇంట్లో అందరికీ ఉగ్గుపాలతో వచ్చిన విద్యే. నాకు మాత్రం తెలుసు. ఆ పేజీ చించింది నేనే. ఆ బిడ్డని కన్న మనిషి వెనక గదిలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను నోరు విప్పకపోతే ఆ లెక్కల టీచరుకి తల్లి ఎవరో ఈ జన్మకి తెలియదు.

అప్పటికి నాకు పదేళ్ళు కూడా లేవు. సిస్టర్లు మా ఊరికి వచ్చి రెండేళ్ళయి ఉంటుంది. పాత పత్తి గోడౌను అద్దెకి తీసుకుని, సున్నం కొట్టించి, ఒక గదిలో మందులిచ్చేవాళ్ళు. ఇంకో గదిలో మూడు మిషన్లు పెట్టి ఆడపిల్లలకి కుట్టు నేర్పేవాళ్ళు. వరండాలో పేట పిల్లలకి పాలపొడి కలిపి పోసేవాళ్ళు. తెల్లచీరలు కట్టుకున్న నలుగురు ఆడవాళ్ళు, మగదిక్కు లేకుండా, ఎవరింటికి పడితే వాళ్ళింటికి వెళ్ళి "మీకు పిల్లలెందరు, ఎవరికైనా జ్వరమా" అని అడిగి కాగితం మీద రాసుకుంటుంటే ఊరు ఊరుకుంటుందా? మందులో ఏదో కలుపుతున్నారన్నారు. పాలు తాగిన పిల్లల పేర్లు మారుస్తారన్నారు.

అందరికంటే ఎక్కువ అనుమానం మా నాయనమ్మకి.

"ఊరికే ఎవరు పెడతారే? ఊరికే పెట్టే చేతిని ముందు తిప్పి చూడాల" అనేది. పిల్లలెందరని సిస్టర్లు అడిగితే మా ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల అని చెప్పింది. తమ్ముణ్ణి బియ్యం బస్తాల వెనక దాచింది. మగపిల్లాడు కాగితం మీద ఎక్కితే దిష్టి అట. వాళ్ళ వంటింట్లోంచి కొబ్బరినూనె తాలింపు వాసన వస్తుందని నేను చెప్పినప్పుడు ముక్కు మీద వేలేసుకుంది. "తలకి రాసుకునేదాన్ని తింటారంటే? అట్టాంటోళ్ళు ఏమన్నా చేస్తారు" అంది.

అంత అనుమానంలోనూ కుట్టు ఉచితంగా నేర్పుతున్నారని తెలిసి నన్ను పంపింది. కోమటి బుద్ధి ఎక్కడికి పోతుంది! "కుట్టు నేర్చుకో, ఇంకేం నేర్చుకోమాక. పెట్టింది తినమాక. వాళ్ళేం చేస్తన్నారో మాత్రం చూసిరా" అని చెప్పి జడలో తులసి దళం పెట్టి పంపేది. సాయంత్రం రాగానే పెరట్లో కాళ్ళు కడిగించి, ముందు ఉప్పు దిగదుడిచి, తర్వాత వాంగ్మూలం తీసుకునేది. నేను చెప్పేదాన్ని. చెప్పడానికి ఏమీ లేని రోజున కల్పించి చెప్పేదాన్ని. పెట్టింది తినలేదని మాత్రం ఒట్టేసేదాన్ని. నిజానికి పెద్ద సిస్టరమ్మ పెట్టిన అరటికాయ ఉప్పేరి, అంటే వాళ్ళ చిప్సు, జేబులో వేసుకుని దారిలో తినేసేదాన్ని. ఇప్పటికీ మిషన్ నూనె వాసన వస్తే నాకు ఉప్పేరి గుర్తొస్తుంది.

పెద్ద సిస్టరమ్మ పొట్టి మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివరన ఉండేవి. తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. నన్ను "మోళే" అని పిలిచేది. వాళ్ళ భాషలో అది ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాటట. నాయనమ్మ దాన్ని కూడా నమ్మలేదు. "రోజూ అదే మాట చెవిలో వేస్తందంటే ఏదో ఉపదేశమే" అని రెండు రోజులు నన్ను క్లాసుకి పంపలేదు.

ఇంట్లో నాకున్న తోడు మా అత్త, నాన్న ఆఖరి చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి దానికి ఇరవై కూడా నిండలేదు. ముందు వాకిట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. మధ్యాహ్నాలు వెనక పంచలో పాత పరీక్ష పేపర్లూ దినపత్రికలూ ముందేసుకుని మేమిద్దరం పొట్లాలకి కాగితాలు కత్తిరించేవాళ్ళం. మా కొట్టు మడత నాకు నేర్పింది అత్తే. పరీక్ష పేపర్లలో తప్పు జవాబులు చదివి నవ్వేది. ఆరో తరగతి దాకా చదివింది మరి. దాని చేతులకి ఇంగువ వాసన, మిరియాల వాసన ఉండేవి. పసుపు వాసన మాత్రం ఉండేది కాదు. పసుపు డబ్బా ముట్టుకోబోతే నాయనమ్మ గబుక్కున లాగేసేది.

ఆ ఎండాకాలం చివర్లో అత్తకి కడుపులో గడ్డ లేచిందని సత్తెనపల్లిలో నాయనమ్మ వాళ్ళ అక్క ఇంట్లో పెట్టారు. అక్కడ మంచి వైద్యుడున్నాడన్నారు. నెలకోసారి నాయనమ్మ బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేది. నేనూ వస్తానంటే తొడపాశం పెట్టింది. వానలు బాగా పడుతున్న రోజుల్లో ఒకసారి వెళ్ళి పదిహేను రోజులకి గానీ రాలేదు. వచ్చినప్పుడు అత్తని వెంట తెచ్చింది. తొలి బస్సుకి దిగారు. గడ్డ కరిగిపోయిందన్నారు. అత్త మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి నవ్వలేదు. తిన్నగా వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త వాసన. శొంఠి, పిప్పళ్ళు, వాము దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి ఉడికిస్తున్నారు. అమ్మ నోరెత్తకుండా దంచుతోంది. జాడీలో నల్లటి ఉండలు కనపడ్డాయి. మిఠాయి అనుకుని ఒకటి దొంగిలించి నోట్లో వేసుకున్నాను. నాలుక కాలిపోయింది, చెవుల్లోంచి పొగలొచ్చాయి. నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

"నా వాయువుకి చేసుకున్నానే అది. తింటే తిన్నావు గానీ బయట చెప్పావంటే నాలిక కోస్తా" అంది.

వాయువుకి మందు తింటే బయట చెప్పకూడదా? అదీగాక ఆ ఉండలు తినేది నాయనమ్మ కాదు, అత్త. నేను తలుపు సందులోంచి చూశాను. నాకు అనుమానం వచ్చింది గానీ దాన్ని ఎటు తిప్పాలో తెలిసే వయసు కాదు.

రెండు రోజులకి, సాయంత్రం వాంగ్మూలంలో చెప్పడానికి ఏమీ లేక ఒక నిజం చెప్పాను. "పెద్ద సిస్టరమ్మ రోజూ ఓ పెద్ద పుస్తకంలో రాసిద్ది నాయనమ్మా. ఆ రోజు ఎవరొచ్చారో, ఏమిచ్చారో అన్నీ రాసిద్దంట. పైన తేదీ ఏసిద్ది" అన్నాను.

నాయనమ్మ చేతిలో చెంబు కిందపడింది.

"అన్నీ అంటే అన్నీనా?"

"అన్నీనంట."

ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళి అత్త వచ్చిన రోజు తేదీ నా చేత క్యాలెండరులో చూపించి, మూడుసార్లు అప్పజెప్పించుకుంది. "ఆ తేదీ కాయితంలో మన ఇంటి పేరు రాసుకున్నారంట. ఇంక మనందర్నీ వాళ్ళల్లో కలిపేస్తారు. నీ తమ్ముణ్ణి కూడా. ఆ కాయితం చించుకురా. నువ్వు తప్ప ఇంకెవరూ చేయలేరే బంగారుతల్లీ" అంది. నాయనమ్మ నన్ను బంగారుతల్లి అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇంటిల్లిపాదినీ కాపాడే భారం నా నెత్తిన పడిందనుకున్నాను. క్లాసు అయ్యాక సిస్టర్లు ప్రార్థనకి వెళ్ళారు. లోపల్నుంచి వాళ్ళ పాట వినపడుతోంది. కిటికీ పక్క బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. తేదీ దొరికింది. అక్షరాలు మన అక్షరాలకి చుట్టాల్లా గుండ్రంగా ఉన్నాయి గానీ ఒక్కటీ పలకలేదు. చించి పావడా బొడ్లో దోపుకున్నాను. తిన్నగా చిరగలేదు. వేలెడు ముక్క పుస్తకంలోనే ఉండిపోయింది.

నాయనమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకి ఏ భాషా చదవడం రాదు. పొయ్యి మండుతోంది కదా, వేసేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. మా ఇంట్లో అక్షరమున్న కాగితం పొరపాటున కాలికి తగిలితే కళ్ళకద్దుకోవాలి. కాల్చడమంటే సరస్వతికి నిప్పు పెట్టడమే. అంత పని చేయించిన ఆవిడకి అంత పాపం చేయడానికి చేతులు రాలేదు. "కొట్టులో పొట్లాల కాయితాల నడిమధ్యన పెట్టు. ఏ జీలకర్రతోనో ఏ ఊరో పోయిద్ది" అంది. పెట్టాను. రెండు రోజుల తర్వాత చూస్తే లేదు.

మళ్ళీ క్లాసుకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళకపోతే దొరికిపోతానని వెళ్ళాను. పెద్ద సిస్టరమ్మ ఒక్క మాట అడగలేదు. ఎప్పట్లాగే "మోళే" అంది, కాజాలు వంకర పోతున్నాయని విప్పి మళ్ళీ కుట్టించింది. పుస్తకం అదే బల్ల మీద, అదే కిటికీ పక్కన ఉంది. దాచుకోనూ లేదు, తాళం వెయ్యనూ లేదు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. ఎందుకు తిట్టలేదన్న అనుమానం మాత్రం ఆవిడ బదిలీ అయి వెళ్ళిపోయాక కూడా నన్ను వదల్లేదు.

నా మొదటి కాన్పయ్యాక నాయనమ్మ స్వయంగా కాయం చేసి తెచ్చింది. బాలింతలకి పెడతారు కదా, ఒళ్ళు గట్టిపడాలని. నల్లటి ఉండ నోట్లో పెట్టుకోగానే నాలుక గుర్తుపట్టింది. నేను నాయనమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ తల తిప్పుకుంది. సత్తెనపల్లి వైద్యుడు, కరిగిపోయిన గడ్డ, తొలి బస్సు, ఆ తేదీ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఒళ్ళో నా కూతురు పాలకోసం ఏడుస్తోంది. నేను చించింది ఏ పేజీయో అప్పుడు తెలిసి నేనూ ఏడ్చాను. అమ్మ బాలింత నీరసమనుకుంది. అత్తని మాత్రం అడగలేదు. ముప్పై ఏళ్ళకి పైగా అడగలేదు. నాయనమ్మ పోయింది, అమ్మా నాన్నా పోయారు, మా ఆయన పోయాక నేనూ ఈ ఇంటికే వచ్చి అత్తకి తోడుగా ఉంటున్నాను. ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉన్నా ఆ మాట మా మధ్యకి రాలేదు.

శనివారం దాకా ఆగాను. ఆదివారం ఆ మనిషి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళిపోతుందన్న ఊహ నన్ను కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నం తమ్ముడు భోజనం చేసి కునుకు తీస్తున్నాడు. అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, కాన్వెంటు నుంచి సిస్టరొచ్చింది మొన్న."

"విన్నా. నాకేం చెవుడు లేదు."

"ఆ పేజీ చించింది నేనే అత్తా. నాయనమ్మ చించుకురమ్మంది. నాకేం తెలీదప్పుడు."

"తెలుసు" అంది చిక్కుడుకాయ విరుస్తూ. "నువ్వు దాన్ని కాయితాల మధ్యలో పెట్టడం కూడా చూశా. నువ్వు పోగానే తీశా."

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"అక్షరాలు నాకూ రాలేదు. తేదీ చదివా. అది చాలదా నాకు? అమ్మ బిడ్డని తీసుకుని పోయినప్పుడు నేను బస్టాండులో ట్రంకుపెట్టె మీద కూర్చున్నా. ఒట్టి చేతుల్తో తిరిగొచ్చింది. ఎవరికిచ్చావమ్మా అంటే, సత్తెనపల్లిలో ఇస్తే చుట్టాలు ఊరంతా చాటుతారు, ఆ తెల్లచీరలోళ్ళయితే చచ్చినా నోరు విప్పరే అంది."

ఊళ్ళో అందరికంటే ఎక్కువగా సిస్టర్లని అనుమానించిన మనిషి, కడుపు గుట్టు దాచుకోవడానికి వాళ్ళని తప్ప ఇంకెవర్నీ నమ్మలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ కాయితం పోతే అది పుట్టినట్టే ఉండదు గదే" అంది అత్త. "వాళ్ళ వంటామె సరుక్కి వచ్చిద్ది గదా. ఆ కాయితంలోనే పొట్లం కట్టి, మీ నాన్న చూడకుండా ఆమె సంచిలో ఏశా."

"పసుపు ఎందుకు కట్టావు? నిన్ను ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదుగా."

అత్త నా వంక వింతగా చూసింది. ఇంత వయసొచ్చీ తెలియదా అన్నట్టు చూసింది.

"ఆడపిల్లని ఇంట్లోంచి పంపేటప్పుడు పసుపు పెట్టకుండా పంపుతారంటే? ఐదు కొమ్ములు కట్టా. అంతకుమించి ఏం పెట్టగలను."

చిక్కుడుకాయలు అయిపోయాయి. చేట పక్కన పెట్టి అడిగింది. "ఎన్నింటికి వస్తదంట?"

ఆదివారం పొద్దున్నే, రాత్రే సంగతి విన్న తమ్ముడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "అత్తా, ఆలోచించుకో. ఆమె ఎవరో, ఏం కోరి వస్తందో" అన్నాడు. అత్త వాణ్ణి పక్కకి జరిపి, "ఒరేయ్, నిన్ను బస్తాల వెనక దాచింది మీ నాయనమ్మ. నువ్వు ఇంకా ఆడ్నే ఉన్నావు" అని ఆటో ఎక్కింది.

కాన్వెంటులో ఆ టీచరు అప్పటికే వచ్చి కుర్చీ చివర కూర్చుని ఉంది. పొడుగ్గా ఉంది. మా నాన్న నుదురే. చిన్న సిస్టరు మమ్మల్ని చూసి లేచి, ఏమీ అడగకుండా పాత పుస్తకం తెచ్చి, చించిన పేజీ వెనక ఇంకో పేజీ తెలుగులో చదివి వినిపించింది. అది పెద్ద సిస్టరమ్మ కొన్ని రోజుల తర్వాత రాసింది. "చించిన కాగితం ఈ రోజు పసుపుకొమ్ములతో తిరిగి వచ్చినది. చించినది ఎవరో నాకు తెలుసు. చిన్నపిల్ల. ఆమెను ఎవరూ అడగరాదు." నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు నేను కాపలా కాసుకున్న నేరాన్ని ఆవిడ ఆ వారంలోనే తీసి పారేసింది.

ఆ టీచరు ఏడవలేదు. అత్తా ఏడవలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నమ్మొచ్చా అని ఇద్దరి కళ్ళల్లోనూ ఉంది.

"నేను గొడవ పెట్టుకోడానికి రాలేదండీ" అంది టీచరు. "డాక్టర్లు అడుగుతుంటారు. మీ అమ్మగారికి షుగరుందా, బీపీ ఉందా అని. ప్రతిసారీ తెలీదని రాయిస్తున్నా. ఒక్కసారన్నా తెలుసని చెప్పాలని."

అత్త సర్దుకుని కూర్చుంది. ఎవరూ ఏనాడూ ఏమీ అడగని మనిషి, గొంతు సవరించుకుని, ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది.

"షుగర్ లేదు. మా వైపు ఎవరికీ లేదు. బీపీకి పొద్దున ఒక బిళ్ళ ఏసుకుంటా. గుండె మంచిదే. కళ్ళు ఆపరేషన్ అయినయ్. మోకాళ్ళే, మోకాళ్ళు మాత్రం చానా నొప్పి. మెట్లెక్కలేను."

టీచరు పెన్ను పట్టుకుని రాసుకుంటున్నదల్లా ఆగింది. పెన్ను కింద పెట్టి, వంగి, తన రెండు మోకాళ్ళూ పట్టుకుంది.

"నాకూ" అంది. "నాకూ మోకాళ్ళే."